ఏడో అధ్యాయం: కిందికి పంపాలె

"మనిషి గోదాట్లో దూకాడు. మీరేమో ఇక్కడ బల్ల కింద దూరి చూస్తున్నారు. జిల్లా డిటెక్టివ్‌ల పద్ధతి ఇదేనా సుకన్య గారూ?"

అరుణ్ మాటకు సుకన్య తలెత్తలేదు. మోకాళ్ల మీద కూర్చుని లక్ష్మీరాజం కుర్చీ చుట్టూ నేల మొత్తం చూసి, తరవాత లేచి, బల్ల మీదికి వంగింది. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

మంజీర మహిళా పసుపు సంఘంలో పద్నాలుగేళ్లుగా ఓడ కిరాయిలు చూసే గుమాస్తా లక్ష్మీరాజం. మధ్యాహ్నం ఒంటిగంటా ఐదుకు ఈ బల్ల ముందు నుంచి లేచి వెనక షెడ్డు వైపు వెళ్లాడు. అంతే, మళ్లీ ఎవరికీ కనబడలేదు. రెండూ యాభైకి ఆయన బండి, చెప్పులు నవీపేట్ దాటాక గోదావరి వంతెన మీద దొరికాయని పోలీసులకు ఫోను వచ్చింది. మూడూ పదికి ఆయన భార్య భీమవ్వ సుకన్యకు ఫోను చేసింది. పది నిమిషాల్లో సుకన్య బోధన్ రోడ్డు మీదున్న ఈ సంఘం గోదాముకు వచ్చి నిలబడింది.

అరుణ్ అంతకన్నా ముందే అక్కడున్నాడు. సరుకుకు బీమా ఇచ్చిన కంపెనీ హైదరాబాద్ నుంచి పంపిన పరిశోధకుడు. సంఘం పంపిన రెండు కంటైనర్లలో నాణ్యమైన పసుపు పోయి నాసిరకం పసుపు తేలింది. ఆ సంగతి తేల్చడానికి నాలుగు రోజులుగా ఊళ్లోనే ఉన్నాడు. ఏ దారిన పంపాలో నిర్ణయించేది లక్ష్మీరాజం. కాబట్టి దొంగ కూడా లక్ష్మీరాజమే అని మొదటి రోజే తేల్చేసుకున్నాడు.

"దొరికిపోతానని తెలిసింది, దూకాడు," అన్నాడు అరుణ్. "ఇందులో చిక్కుముడి ఏముంది?"

మూల బెంచీ మీద కూర్చున్న భీమవ్వ ఒక్కసారి లేచింది. బీడీలు చుట్టి చుట్టి పొగాకు రంగు పట్టిన వేళ్లతో కొంగు బిగించుకుంది.

"ఓ హైద్రాబాద్ సారూ, మా ఇంటాయన పుట్టింది కందకుర్తి రేవుల. నడక కంటే ముందుగాల ఈత నేర్సిండు. గోదారి ఆయనకు అవ్వ లెక్క. అవ్వ ఒళ్లె ఎవడన్న సస్తడా?"

"అమ్మా, బాధలో ఉన్నారు, నాకు అర్థమైంది..."

"నీకేం అర్తం గాలె. పొద్దుగాల గడప దాటంగ 'పోయొస్త' అన్నడు. నలబయ్యేండ్లు అయింది లగ్గమై. పోయొస్త అన్నంక రాకుండ ఉన్న రోజు లే."

సుకన్య ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "వదినె, నువ్వు కూసో. పోలీసులు చెప్పులు గుర్తుపట్టమని పిలిస్తె నేను చెప్పేదాక పోకు. ఆయన చచ్చిండని నీ నోటితోని అన్నవంటే ఇగ ఎవ్వలు ఎతకరు."

నీళ్లలో వెతుకులాట మొదలైతే నేల మీద వెతుకులాట ఆగిపోతుంది. ఆ మనిషి బతికే ఉంటే ఆయనకు మిగిలిన ప్రతి నిమిషమూ ఈ గదిలోనే ఖర్చవుతోంది.

బల్ల మీద కళ్లజోడు ఉంది. మూత తీయని టిఫిను డబ్బా ఉంది. ఎర్ర పెన్ను క్యాపు తీసి ఉంది.

"రవీందర్ గారూ," అని పిలిచింది.

సంఘం మేనేజరు రవీందర్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరాడు.

"లక్ష్మీరాజం దగ్గర్నుంచి మీకు మెసేజీ వచ్చిందన్నారు. ఎన్ని గంటలకు?"

"ఒకటీ నలభై. చూడండి." ఫోను చేతికిచ్చాడు.

సుకన్య పైకి చదివింది. "రేట్లు మళ్ల చూసిన. కిందిదే ఖాయం. కంటైనర్‌ను నవాషేవాకు పంపండి. ఇంతకుముందు జరిగిన తప్పులు నావే. నన్ను వెతకొద్దు."

"ఇది చూసి మీరేం చేశారు?"

"ఫోను చేశాను. స్విచాఫ్. సరే, పని ఆగకూడదు కదా. రెండూ పదిహేనుకు లారీని పంపించేశాను. ఓడ తేదీ తప్పితే అమెరికా వాళ్లు ఆర్డరు రద్దు చేస్తారు."

"'నన్ను వెతకొద్దు' అని రాసిన మనిషిని వెతకలేదు, సరుకు మాత్రం పంపారు."

"మూడు వందల మంది ఆడవాళ్ల పంట మేడం అది. నేను మేనేజర్ని."

"మీరు చివరిసారి ఆయన్ని చూసిందెప్పుడు?"

"పన్నెండున్నరకు. రేట్ల కాగితం రాసుకుంటున్నాడు."

"ఆ కాగితం మీరు చూశారా?"

"లేదు. రాశాక తెచ్చిస్తాడు కదా అనుకున్నాను. ఇవ్వకుండానే పోయాడు." రవీందర్ గడియారం వైపు చూశాడు. జేబులోంచి తొంగిచూస్తున్న మడత కాగితాన్ని లోపలికి తోసుకున్నాడు. "నేను వంతెన దగ్గరికి వెళ్లాలి. సంఘం తరపున ఎవరో ఒకరు ఉండాలని సీఐ గారు అన్నారు."

"వెళ్లండి," అంది సుకన్య.

ఆయన కారు గేటు దాటింది. మూడూ నలభై.

"మేనేజరు మీద కూడా అనుమానమా?" అరుణ్ నవ్వాడు. "సుకన్య గారూ, మీ పేరు విన్నాను. తప్పిపోయిన గొర్రెల మందను పట్టుకున్నారట."

"మంద కాదు అరుణ్ గారూ, రెండు వందల పన్నెండు గొర్రెలు. ఒక్కటి తక్కువ కాకుండా తెచ్చాను. మీ కంపెనీ బీమా ఇచ్చిన రెండు కంటైనర్ల పసుపు ఎక్కడ మారిందో నాలుగు రోజులైంది, మీకు ఇంకా తెలీదు." ఆమె తలుపు వైపు తిరిగింది. "శిరీషా, ఇట్ల రా బిడ్డా."

శిరీష ఇరవై ఆరేళ్ల పిల్ల. నవీపేట్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. లక్ష్మీరాజం దగ్గర మూడేళ్లుగా పని నేర్చుకుంటోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"కళ్లజోడు ఎప్పట్నించి ఈడ ఉంది?"

"ఒకటింటికి షెడ్డుల ఏదో సప్పుడైతుందని లేసిండక్కా. అద్దాలు ఈడ పెట్టి పోయిండు. గప్పట్నించి ఎవ్వలు ముట్టలే."

"అద్దాలు లేకుంట ఫోన్ల రాస్తడా?"

"అద్దాలుంటెనే రాయడు! నంబరు నొక్కాల్నంటె నన్నే పిలుస్తడు. మెసేజీలు రాసుడు ఆయన జన్మల లే."

"చచ్చే ముందు మనిషి ఏదైనా చేస్తాడు," అన్నాడు అరుణ్. "వేరే ఎవరితోనో రాయించుకుని ఉండొచ్చు కూడా. ఆ రేట్ల కాగితం దొరికితే తేలిపోతుంది. మెసేజీలో ఉన్నదే అందులోనూ ఉంటే రాసింది ఆయనే."

"కాగితం బల్ల మీద లేదు. సొరుగుల్లో కూడా లేదు," అంది సుకన్య. "శిరీషా, సార్ రాసిన కాగితం నీ దగ్గరికి వస్తదా?"

"ఎప్పుడు రాసిన నాకు ఫోటో పంపిస్తడు... అంటె, నాతోనే ఫోటో తీయిస్తడు. ఒంటిగంటకు తీసిన. నా ఫోన్ల ఉన్నది."

ముగ్గురూ ఆ చిన్న తెర మీదికి వంగారు.

గీతలు కొట్టిన కాగితం. ముత్యాల్లాంటి అక్షరాలు. పైన 'నిజామాబాద్ నుంచి డెన్వర్‌కు' అని శీర్షిక. డెన్వర్ అమెరికా నడిబొడ్డున కొండల పక్కనున్న ఊరు. నిజామాబాద్‌కు సముద్రం ఎంత దూరమో ఆ ఊరికి అంతకు రెండింతల దూరం. అందుకే ఇక్కడి పసుపును అక్కడికి రెండు దారుల్లో పంపొచ్చు. పడమటి తీరాన నవాషేవా రేవులో ఓడెక్కిస్తే న్యూయార్క్‌లో దిగి రైల్లో పోతుంది. తూర్పు తీరాన వైజాగ్ రేవులో ఎక్కిస్తే భూగోళానికి ఆ పక్కనుంచి చుట్టి లాస్ ఏంజెలెస్‌లో దిగి రైల్లో పోతుంది.

కాగితంలో రెండు వరసలు. పై వరస వైజాగ్: లారీ 690, ఓడ 2900, రైలు 1750. కింది వరస నవాషేవా: లారీ 640, ఓడ 2450, రైలు 2600. అన్నీ డాలర్లే. అడుగున ఎర్ర సిరాతో, రెండు గీతలు కొట్టి, ఒకే మాట:

'కిందికి పంపాలె.'

అరుణ్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అయిపోయింది! కింది వరస ఏది? నవాషేవా. ఓడ కిరాయి ఎక్కడ తక్కువ? నవాషేవా. మెసేజీలో ఏముంది? 'కిందిదే ఖాయం, నవాషేవాకు పంపండి'. కాగితం, మెసేజీ ఒకటే మాట చెబుతున్నాయి. రాసింది లక్ష్మీరాజమే. ఇంకేం కావాలి మీకు?"

శిరీష నోరు తెరిచింది, మూసింది. సుకన్య ఆమె ముఖమే చూస్తోంది.

"చెప్పు బిడ్డా. భయపడకు."

"అక్కా... కిందికి అంటె నవాషేవా కాదు. వైజాగ్."

"అదేంటమ్మా? వైజాగ్ పై వరసలో ఉంది. కళ్లు లేవా?" అన్నాడు అరుణ్.

సుకన్య పెదవుల మీదికి నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది. పొద్దున్నుంచి మొదటి నవ్వు.

ఆమె పుట్టింది బోధన్ శక్కర్‌నగర్ క్వార్టర్లలో. తండ్రి చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర ముప్పై ఏళ్లు చెరకు బండ్లు తూచాడు. బండివాళ్లు వచ్చి నిలబడితే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: 'మీది నుంచా, కింది నుంచా?' ఫ్యాక్టరీ మూతపడినా ఆ ప్రశ్న ఆమె చెవిలో ఇంకా ఉంది.

"భీమవ్వ వదినె," అంది. "గోదారి మనకాడికి ఎటునుంచి అస్తది?"

భీమవ్వ వింతగా చూసింది. "గదేం ముచ్చట? మీదికెల్లి అస్తది. మహారాష్ట్ర దిక్కు నుంచి. కిందికి పోతది, సముద్రానికి."

"నీ అన్నగారు నాందేడ్‌ల ఉంటడు గదా. పండుగకు ఎటు పోతవు?"

"మీదికి పోత."

"బిడ్డ మంచిర్యాలల ఉన్నది. ఆమె ఇంటికి?"

"కిందికి పోత." అంటూనే భీమవ్వ శిరీష చేతిలోని ఫోను వైపు చూసింది. ఆమెకు అర్థమైంది.

సుకన్య అరుణ్ వైపు తిరిగింది. "గోదారి ఒడ్డు మనుషులకు పైనా కిందా అనేవి కాగితంలో ఉండవు అరుణ్ గారూ. నదిలో ఉంటాయి. మీది అంటే పడమర, కింది అంటే తూర్పు. చిన్నప్పుడే నాలుకకు అంటుకుంటుంది, చచ్చేదాకా పోదు. శిరీషా, పాత ఫైళ్లు తీయి."

పద్నాలుగేళ్ల కాగితాలు బల్ల మీద పడ్డాయి. సుకన్య ఏదో ఒకటి లాగింది. 'మీదికి పంపాలె'. ఆ కంటైనరు నవాషేవా నుంచి పోయింది. ఇంకొకటి. 'కిందికి పంపాలె'. వైజాగ్. ఇంకొకటి, ఇంకొకటి. ఒక్కచోట కూడా తప్పలేదు. ఒక కాగితంలో నవాషేవా పై వరసలో ఉంది, ఒకదాంట్లో కింద ఉంది. వరసలు మారాయి, మాట మారలేదు.

"ఇంకా నమ్మకం లేకపోతే కూడిక వేయండి," అంది. "మీరు ఓడ కిరాయి ఒక్కటే చూసి నవాషేవా చవక అన్నారు. లక్ష్మీరాజం అట్లా చూడడు. గోదాము గడప నుంచి డెన్వర్ గడప దాకా చూస్తాడు. మొత్తం ఎంత?"

అరుణ్ పెదవులు కదిలాయి. "వైజాగ్... ఐదు వేల మూడు వందల నలభై. నవాషేవా ఐదు వేల ఆరు వందల తొంభై."

"ఏది తక్కువ?"

అరుణ్ ఫోటోలోని కింది వరస మీద పెట్టిన వేలిని పై వరసకు జరిపాడు.

శిరీష గొంతు అప్పుడు లేచింది. "ఓడ రేటు సూసి మురిసేటోడు రేవుకాన్నే మునుగుతడు అని చెప్తడు మా సార్. సముద్రం మన ఊరికి రాదు, ఆళ్ల ఊరికీ రాదు. రెండు దిక్కుల నేల ఖర్చు కలుపంది కాగితం మీద పెన్ను పెట్టద్దు అంటడు. గంత పెద్ద కంపెనీలు గూడ ఆయనకు ఫోన్ చేసి అడుగుతయి."

బెంచీ మీద భీమవ్వ తలెత్తింది. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

"అంటే ఈ మెసేజీ..." అరుణ్ ఆగాడు.

"రాసినవాడు ఈ కాగితం చూశాడు. చూసి మీలాగే చదివాడు. సరిగ్గా మీలాగే. ఎర్ర సిరాలో 'కిందికి' అని ఉంది, కింది వరసలో నవాషేవా ఉంది, ఇంకేం, లక్ష్మీరాజం మాటతోనే లక్ష్మీరాజం పేరు పెట్టేద్దామనుకున్నాడు. ఈ గోదాములో హమాలీ నుంచి ఊడ్చే అవ్వ దాకా అందరూ మంజీర, గోదావరి ఒడ్డు మనుషులే. నిద్రలో అడిగినా ఈ తప్పు చెయ్యరు. చేయగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. కాగితం చూడలేదని ఇప్పుడే నాతో చెప్పి వెళ్లాడు."

"రవీందర్."

"మీరన్నదే నేనూ అంటున్నాను."

అరుణ్ ముఖంలో వెటకారం లేదు. అయినా పట్టు వదలలేదు. "మెసేజీ దొంగది కావచ్చు. దాంతో ఆయన బతికున్నాడని తేలదు. చంపి గోదావరిలో పడేసి ఉండొచ్చు."

ఆ మాట భీమవ్వ చెవిన పడింది. సుకన్య అతణ్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. శిరీష వెనకే వచ్చింది.

వెనక షెడ్డులో కంటైనరు నింపిన చోటు ఖాళీగా ఉంది. నేల మీద పసుపు పొడి, లారీ టైర్ల గుర్తులు. సుకన్య గోడ వెంట నడిచింది. మూడో స్తంభం దగ్గర ఆగి, చీర కొంగుతో ఒక ఇనప ముక్క తీసింది. వేలెడంత మేకు, ఒక చివర తల, రెండో చివర తెగిన అంచు. తల మీద అంకెలు: 417.

"శిరీషా, పొద్దున సార్ కంటైనరు తలుపుకు వేసిన సీలు నంబరు?"

శిరీష ఫోను చూసింది. "చివర నాలుగొందల పదిహేడు. పదకొండూ నలబై అయిదుకు ఏసిండు."

"ఒకసారి వేసిన సీలు తీయాలంటే కోయాల్సిందే. కోశారు. అంటే పదకొండూ ముప్పావు తరవాత తలుపు మళ్లీ తెరిచారు." సుకన్య చుట్టూ చూసింది. "మేస్త్రీ ఎవరు?"

స్తంభం చాటునుంచి అరవయ్యేళ్ల సాయన్న ముందుకొచ్చాడు. హమాలీల మేస్త్రీ. భుజం మీద తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నువ్వు చూసినవా అన్నా, తలుపు తెరిచింది?"

"లేదమ్మా. ఒంటిగంటకు మమ్ములందర్ని అన్నానికి తోలిండు మేనేజరు. ఎప్పుడు గంత ప్రేమగ తోలడు. మేం అచ్చేసరికి రెండయింది. బండి కదిలేటందుకు తయారున్నది."

"గేటు కాడ కాటా ఉంది గదా. లారీ బయటికి పోయేటప్పుడు తూకం వేస్తరా?"

"ఎయ్యకుంట గేటు తెరువరు. గది లక్ష్మీరాజం సార్ పెట్టిన కానూను."

గేటు గదిలో రెండు చీటీలు దొరికాయి. మొదటిది సరుకు నింపాక, సీలుకు ముందు, పదకొండూ ఇరవైకి: ఇరవై ఏడు వేల మూడు వందల నలభై కిలోలు. రెండోది రెండూ పదికి: ఇరవై ఏడు వేల నాలుగు వందలు.

సుకన్య రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టింది. చెరకు బండి మీద రాళ్లు దాచినా, బండివాడి పెళ్లాం దాక్కున్నా కాటా మీది ముల్లు చూసి చెప్పేసిన మనిషి కూతురు ఆమె.

"అరవై కిలోలు ఎక్కువ," అంది.

"డీజిల్ పోయించుకుని ఉంటాడు," అన్నాడు అరుణ్. కానీ ఈసారి వాదనలా అనలేదు, ఆశపడుతున్నట్టు అన్నాడు.

"లారీ మధ్యలో బయటికి పోయిందా సాయన్నా?"

"గేటు దాటలే."

"తూకం వేసినప్పుడు క్యాబిన్లో ఎవరున్నరు?"

"రెండుసార్లు డ్రైవరొక్కడే. క్లీనర్ ఉండె గని, ఆడు మేం బయట అన్నం తింటుండంగ లక్ష్మీరాజం సార్ బండి ఏస్కొని పెట్రోలు పోయించుకొస్త అని పోయిండు. మళ్ల రాలే."

"గీ ముచ్చట పోలీసులకు చెప్పినవా?"

"ఎవ్వలు అడగలేదమ్మా. నువ్వే మొదలు అడుగుతున్నవు."

వంతెన మీదికి బండి ఎట్లా నడిచిపోయిందో అరుణ్‌కు కూడా అర్థమైంది. సుకన్య తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "శిరీషా. సార్ బరువెంత?"

శిరీష రెండు చేతులతో నోరు మూసుకుంది. "పోయిన నెల ఆరోగ్య క్యాంపుల తూచిన్రు. యాభై తొమ్మిది."

ఇనప పెట్టె, గాలి రాని తలుపు, పసుపు ఘాటు, బయట ఎండ. ఒంటిగంట నుంచి ఇప్పటికి మూడు గంటలు.

సుకన్య సీఐకి ఫోను కలిపింది. వంతెన మీది గాలి హోరులోంచి జవాబు వచ్చింది. "రవీందరా? ఇక్కడికి రాలేదమ్మా. నేను రమ్మని చెప్పనూ లేదు."

"సరిహద్దులో సాలూర దగ్గర లారీని ఆపించండి సార్. మనిషి లోపల ఉన్నాడు."

"బోధన్ స్టేషన్ బండి బందోబస్తులో ఉంది. కబురు పెడతాను. అరగంట పడుతుంది."

"అప్పటికి మంజీర దాటేస్తుంది," అంది సుకన్య. "దాటితే మహారాష్ట్ర."

"రెండూ పదిహేనుకు బయల్దేరిన లారీ ఈపాటికి ఎప్పుడో దాటేసి ఉంటుంది," అన్నాడు అరుణ్.

"దాటలే!" శిరీష అరిచింది. "ఈ-వే బిల్లు లేకుండ దాటడు. సరుకెంబడి నడిచే కాగితం గదే. నేను పన్నెండూ నలబైకే వైజాగ్‌కు తీసిన. మూడింటికి మేనేజరొచ్చి అది రద్దు చేపిచ్చి నవాషేవాకు కొత్తది తీపిచ్చుకున్నడు. ఆ కాగితం ఆయన జేబుల్నే ఉన్నది. వంతెన కాడికి పోయేటోనికి గదెందుకని అనుకున్న..."

జేబులోకి తోసుకున్న మడత కాగితం సుకన్య కళ్ల ముందు మెదిలింది. లారీ సరిహద్దుకు ఇవతల ఎక్కడో ఆగి, ఆ కాగితం కోసం ఎదురు చూస్తోంది.

"అరుణ్ గారూ, మీ కారు ఎంత వేగం పోతుంది?"

అతడు అప్పటికే తాళం తీశాడు. "కూర్చోండి. మీరు గెలిచారని నేనింకా ఒప్పుకోలేదు. లక్ష్మీరాజం చేత ఒప్పించండి."

నాలుగూ పదికి బయల్దేరారు. బోధన్ ఊరు దాటారు. చెరకు తోటల మధ్య రోడ్డు తిన్నగా సాగినచోట అరుణ్ అన్నాడు: "ఆ రెండు కంటైనర్లు కూడా ఈ దారినే పోయాయి. వైజాగ్ దారిలో సరుకు మార్చే చోటు వాళ్లకు లేదు. నవాషేవా దారిలో ఉంది. అందుకని ఈసారి కూడా..."

"అప్పుడు పడమటి రేటు నిజంగానే తక్కువ. లక్ష్మీరాజం న్యాయంగా రాశాడు, వీళ్లు దాన్ని వాడుకున్నారు. ఈసారీ కాగితం తమ దారికే ఉందనుకున్నారు. కానీ దారిలో తీసి మళ్లీ వేసుకునే దొంగ సీలు పెట్టడానికి అసలు సీలు కోస్తున్నవాణ్ని ఒంటిగంటకు షెడ్డులోకి పోయిన లక్ష్మీరాజం చూశాడు."

"నాలుగు రోజులు ఆయన్నే దొంగ అన్నాను," అన్నాడు అరుణ్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నాలుగూ నలభై ఏడుకు సాలూర దాటాక, మంజీర వంతెనకు రెండు వందల గజాల ముందు, రోడ్డు వార నీలం కంటైనరు కనబడింది. దాని ముందు రవీందర్ కారు. క్యాబిన్ పక్కన రవీందర్, డ్రైవరు ఇద్దరూ కాగితం మీదికి వంగి ఉన్నారు.

"కారు వెనకే ఆపండి. హారన్ కొట్టొద్దు."

సుకన్య దిగి లారీ వెనక్కి నడిచింది. తలుపుకు కొత్త సీలు మెరుస్తోంది. ఇనుము కాలిపోతోంది. అరచేతితో మూడుసార్లు కొట్టి చెవి ఆనించింది.

ఏమీ లేదు.

మళ్లీ కొట్టింది. ఒక బస్సు హోరెత్తిస్తూ పోయింది. ఆ చప్పుడు పోయాక ఆమె ఊపిరి బిగబట్టింది.

టక్. చాలాసేపటికి ఇంకొకటి. టక్.

సుకన్య వేలు పైకెత్తి అరుణ్‌కు చూపించింది. అతడు ముందుకు ఉరికాడు. అంతలో లారీ అద్దంలో డ్రైవరు ముఖం కనబడింది. "సార్, ఎన్క ఎవలో ఉన్నరు!"

"తియ్ బండి! తియ్!" రవీందర్ కాగితం పట్టుకునే క్యాబిన్‌లోకి ఎక్కాడు. అడ్డుపడిన అరుణ్‌ను కాలితో తన్నాడు. అరుణ్ రోడ్డు మీద పడ్డాడు. ఇంజను గర్జించింది. లారీ రవీందర్ కారును పక్కకు గుద్దుకుంటూ కదిలింది.

సుకన్య ఆలోచించలేదు. తలుపు మీద నిలువుగా ఉన్న ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకుని వెనక బంపరు మీదికి ఎగబాకింది. వెనక ఎక్కడో అరుణ్ అరుస్తున్నాడు, కారు తలుపు చప్పుడైంది. కాళ్ల కింద రోడ్డు జారిపోతోంది. కడ్డీ వేడికి అరచేతులు మండుతున్నాయి.

లోపల్నుంచి గొంతు వచ్చింది. ఎండిపోయిన, తెగిపోతున్న గొంతు. "ఎవలూ..."

"లక్ష్మీరాజం అన్నా! భీమవ్వ వదినె పంపింది!"

వెంటనే లోపల్నుంచి తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఆగకుండా, ఇనుము అదిరేలా. సుకన్య చెంప తలుపుకు ఆనించి కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంది. లారీ ముందు చక్రాలు మంజీర వంతెన ఎక్కాయి.